సెఖోన్ గారి గురించి తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. స్కూల్లో పరమవీర చక్ర గ్రహీతల మీద ఐదు నిమిషాలు మాట్లాడాలి. అందరూ సైన్యం వాళ్లనే ఎంచుకుంటున్నారని, తను ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ గారిని తీసుకుంది. వాయుసేనలో ఆ పతకం దక్కింది ఆయనొక్కరికే కదా!

1971 డిసెంబరు 14న శ్రీనగర్ ఎయిర్‌ఫీల్డ్ మీద ఆరు పాకిస్తానీ సేబర్ యుద్ధ విమానాలు దాడి చేశాయి. రన్‌వే మీద బాంబులు పడుతుండగానే ఈయన తన నాట్ విమానంతో పైకి లేచి, ఒక్కడే వాటితో తలపడి ప్రాణాలు కోల్పోయారు. అంతవరకు మాకు దొరికింది. అది చదువుతుంటే నాకే ఒళ్లు గగుర్పొడిచింది.

మిగతా జీవితమే దొరకడం లేదు. లూధియానా దగ్గర ఇసేవాల్ ఆయన ఊరు, తండ్రి కూడా వాయుసేనలోనే పనిచేశారు, ఈయన 1967లో పైలట్‌గా చేరారు. ఆ తర్వాతి నాలుగేళ్లు ఎలా గడిచాయి? ఆయన పనిచేసిన వాయుసేన దళం, 18వ స్క్వాడ్రన్‌లో తోటివాళ్లు ఆయన గురించి ఏం చెప్పేవారు? తెలుగులో చదవదగ్గ పుస్తకమో వ్యాసమో ఉందా?

ఇంకో చిన్న సందేహం. ‘స్క్రాంబుల్’ని, అంటే దాడి కబురు రాగానే యుద్ధ విమానాలు వెంటనే పైకి లేవడాన్ని, తెలుగులో ఏమంటారు? ‘హుటాహుటిన ఎగరడం’ అంటే మా అమ్మాయి నవ్వుతోంది. వాయుసేనలో చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, సోమవారమే ప్రసంగం, టెన్షన్ నాకు!