ఫైల్లో లేని లైనుకి డీబగ్గర్ గెంతుతోంది, ఎందుకండీ?

పలాస జీడిపిక్కల తూకం రాసే ఆండ్రాయిడ్ యాప్, కోట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. 80 కిలోల బస్తా సేవ్ చేసేచోట, 42వ లైన్లో బ్రేక్‌పాయింట్ (కోడ్ ఆగే గుర్తు) పెట్టి, తర్వాతి లైనుకెళ్లే ఎఫ్8 నొక్కితే 43కి రావట్లేదు, 57 అంటోంది. ఫైల్లో ఉన్నవే 51 లైన్లు! వేరియబుల్స్‌లో బరువు 80 అని సరిగ్గానే ఉంది. అంటే కోడ్ సవ్యంగా నడుస్తోంది, నంబర్లే తప్పుతున్నాయి.

కోడ్‌ని కుదించే మినిఫై ఆపే ఉంది. క్లీన్ చేసి, ఫోన్లో పాత యాప్ తీసేసి మళ్లీ ఎక్కించినా అంతే. ఫోన్ ఏపీఐ (ఆండ్రాయిడ్ వెర్షన్ నంబరు) 31, డీబగ్గర్ చూపే ఆండ్రాయిడ్ సోర్సు 34. ఆ తేడా ఆండ్రాయిడ్‌తో వచ్చే ఫ్రేమ్‌వర్క్ కోడ్‌లోకి దిగితేనే ఇబ్బంది, ఇది సొంత ఫైలు కదా.

43లో ఇన్‌లైన్ ఫంక్షన్ (పిలిచిన చోటే దాని కోడ్ అతికించేది) ఉంది, అనుమానమంతా దానిమీదే. ఇన్‌లైన్ అయిన లైన్లకి కంపైలర్ ఫైలు చివరి నంబరు దాటాకే నంబర్లిస్తుంది. అసలు లైను చెప్పే స్మ్యాప్ పట్టిక డెక్స్‌లో (ఫోన్లో నడిచే కంపైలైన ఫైల్లో) మిగిలిందో లేదో ఎలా చూడాలి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.