తెలిసిన సరస్సులో బాస్ చేపల వేట మళ్లీ విశ్రాంతిగా మారాలంటే?

ప్రశ్న:
సభ్యులందరికీ నమస్కారం. ఇంటికి దగ్గరలోని ఒకే సరస్సులో చాలా ఏళ్లుగా లార్జ్‌మౌత్ బాస్ చేపలకు గాలం వేస్తున్నాను. పని ఒత్తిడి నుంచి కాసేపు తప్పించుకోవడానికి పట్టుకున్న ఈ అలవాటు, పడవకు ఫిష్ ఫైండర్ (నీటి కింది చేపలను తెర మీద చూపే యంత్రం) బిగించి, పడిన ప్రతి చేప బరువూ రాసుకోవడం మొదలుపెట్టాక, రెండో ఉద్యోగంలా తయారైంది. తెర మీద చేపలు కనిపిస్తూనే ఉంటాయి, ఎర మాత్రం ముట్టవు. దాంతో చిరాకు పెరుగుతోంది. ఏ దుంగ ఎక్కడ మునిగి ఉందో కళ్లు మూసుకుని చెప్పగలిగిన చోట ఇక చూడవలసింది ఏముందన్న సందేహమూ ఉంది. కొత్త సరస్సుకు మారడం మంచిదా, ఇక్కడే పద్ధతి మార్చుకోవడం మంచిదా? దయచేసి తెలియజేయగలరు.

మొదటి జవాబు:
సరస్సు మార్చకండి. కొత్త నీటిలో లోతెక్కడ, నాచెక్కడ, పడవ దేనికి తగులుతుంది అని వెతుక్కోవడంతోనే పొద్దు గడిచిపోతుంది. మీకు ఆ శ్రమ ఎప్పుడో తీరిపోయింది. అయితే మీకు బాగా తెలిసింది చోటు మాత్రమే, చేప తీరు ఋతువుతో మారుతూనే ఉంటుంది. వసంతంలో నీరు సుమారు 15 నుంచి 20 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు మగ బాస్ లోతు తక్కువ చోట అడుగును తోకతో ఊడ్చి గూడు చేసుకుని, గుడ్లకూ పిల్లలకూ కాపలా కాస్తుంది. వేసవి ముదిరాక, లోతైన సరస్సులలో పైన వెచ్చని నీరు, కింద చల్లని నీరు పొరలుగా విడిపోతాయి. అడుగు పొరలో ప్రాణవాయువు తగ్గిపోవచ్చు కనుక మీ దుంగ ఆ లోతులో ఉంటే దాని దగ్గర చేప ఉండకపోవడంలో వింతేమీ లేదు.

ఇక తెర సంగతి. బాస్ ప్రధానంగా పొంచి ఉండి పట్టే చేప. నీటి మధ్యలో ఊరికే నిలబడి ఉన్న చేపలు చాలాసార్లు ఆకలి మీద ఉండవు, వాటి వెంటపడితే మిగిలేది విసుగే. మెత్తటి ప్లాస్టిక్ వానపామును గాలానికి గుచ్చి, ముళ్లు నాచులో చిక్కకుండా మొనను ఆ వానపాము ఒంట్లోనే దాచి, ముందు చిన్న బరువు పెట్టి దుంగ పక్కన జారవిడవండి. అది మునుగుతున్నంతసేపూ దారం నీటిని తాకే చోటునే చూస్తూ ఉండండి. దారం చిన్నగా అదిరినా, ఉన్నట్టుండి పక్కకు జరిగినా, మునగవలసిన దానికంటే ముందే వదులైనా చేప అందుకున్నట్టే. ఈ పని తొందరపడితే సాగదు, మరో ఆలోచన పెట్టుకున్నా సాగదు. నాకు తెలిసినంతలో విశ్రాంతి అంటే ఇదే.

రెండవ జవాబు:
పై సభ్యులతో పూర్తిగా ఏకీభవించలేను. తప్పు యంత్రానిది కాదు, తూకానిది. లోతు, నీటి వేడి తెలుసుకోవడానికి ఫిష్ ఫైండర్ ఎంతో ఉపయోగం. చూసుకున్నాక ఆపివేస్తే సరిపోతుంది. బరువుల లెక్కకు మాత్రం అంతు లేదు. జార్జ్ పెర్రీ అనే ఆయన 1932లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల (సుమారు 10 కిలోల) ప్రపంచ రికార్డు బాస్‌కు సమానమైన చేప దొరకడానికి 2009 వరకు ఆగవలసి వచ్చింది. అదీ జపాన్‌లోని బివా సరస్సులో. (పెర్రీ కుటుంబం ఆ చేపను వండుకుని తినేసిందని చెబుతారు, నాకైతే ఆ పద్ధతే నచ్చింది.) కాబట్టి ముందు త్రాసును ఇంట్లో వదిలి వెళ్లండి.

మూడవ జవాబు:
చేపను తిరిగి వదిలేవారైతే ఒక మాట. చేతులు తడుపుకున్నాకే ముట్టుకోండి, పొడి చేతికి దాని ఒంటిమీది జిగురు పొర ఊడిపోతుంది. పెద్ద చేపను కింది దవడ పట్టుకుని అడ్డంగా వేలాడదీయకుండా రెండో చేతిని పొట్ట కింద ఆనించండి. గూడు కాస్తున్న మగ చేపను పట్టి పక్కన పెడితే ఆ కాసేపట్లోనే చిన్న చేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి కనుక, ఆ రోజుల్లో గూళ్ల జోలికి పోకపోవడమే మేలు.

ప్రశ్న అడిగిన సభ్యుడు:
అందరికీ ధన్యవాదాలు. త్రాసు ఇంట్లోనే ఉంటుంది, తెర నీటి వేడి చూసే వరకే. అయితే ఒక సందేహం: గాలి ఎక్కువగా ఉన్న రోజు అలల మీద దారం కదలిక కనిపించదు కదా, అప్పుడెలా?

మొదటి జవాబు ఇచ్చిన సభ్యుడు:
రాడ్ కొనను నీటికి దగ్గరగా దించి, రీలు ముందు దారానికి చూపుడు వేలు ఆనించి ఉంచండి. కంటికి అందనిది వేలికి అందుతుంది. అదీ కుదరనంత గాలి ఉంటే వానపామును పక్కన పెట్టి, గాలి కొట్టే ఒడ్డు వెంబడి స్పిన్నర్‌బెయిట్ (గిర్రున తిరిగే రేకు ఉన్న ఎర) లాగండి. చిన్న చేపలు తరచుగా అటే చేరతాయి, బాస్ వాటి వెనకే ఉంటుంది.