కోనసీమ మండువా లోగిలి మరమ్మతు: గోడ చెమ్మ, దూలం కొనలు - సలహా కావాలి

కోనసీమలో సుమారు 90 ఏళ్ల నాటి మండువా లోగిలి (నడుమ పైకప్పు లేని వాకిలి, అంటే మండువా, ఉన్న పాతకాలపు ఇల్లు), చుట్టూ ఎకరం కొబ్బరితోట. 18 అంగుళాల ఇటుక గోడలు, గానుగ సున్నం (గానుగలో నూరిన సున్నం) కట్టుబడి, టేకు దూలాలు, మంగళూరు పెంకులు. పడగొట్టే ఆలోచన లేదు. ఇలాంటి ఇళ్లు బాగుచేసినవారు దయచేసి చెప్పండి.

అసలు సమస్య చెమ్మ. ఎప్పుడో గోడల కింది 4 అడుగులకు సిమెంటు పూత వేశారు. నేలలోంచి ఎక్కే తడి బయటికి ఆరే దారిలేక ఇప్పుడు పూతకు ఎగువన గోడలో ఉప్పు పొంగి, ఇటుక పొడిగా రాలుతోంది. సిమెంటు చెక్కేసి, ఒక వేసవి గోడను ఆరనిచ్చి, 1 పాలు సున్నం, 1 పాలు ఇటుకపొడి, 2 పాళ్లు ఇసుకతో పూయాలనుకుంటున్నాం. తీరప్రాంతపు ఉప్పు గాలికి ఈ పాళ్లు సరిపోతాయా? కరక్కాయ, బెల్లం నీళ్లు ఎంత కలపాలి? గానుగ ఆడించేవారు గోదావరి జిల్లాల్లో ఎక్కడ దొరుకుతారు?

రెండోది, మండువా మూలల్లో వాననీరు పోయే రేకు తూము చిల్లులుపడి, నాలుగు దూలాల్లో రెండింటి కొనలు గోడలోపలే అడుగున్నర మేర చివికాయి. మిగతా కర్ర గట్టిగానే ఉంది. చివికినంత కోసి పాత టేకుతోనే అతుకు వేసి బోల్టులు బిగిస్తే పెంకుల బరువు ఆగుతుందా, లేక దూలం మొత్తం మార్చాల్సిందేనా? అతుకు పొడవు ఎంత ఉండాలి? పని జరిగేటప్పుడు పెంకులు దించకుండా కింద పోట్లు (ఊతకర్రలు) పెడితే చాలా?

తోట మురుగుకాలువ ఇంటి పునాదికి 5 అడుగుల దూరంలోనే ఉంది. ముందు దాన్ని మళ్లించకపోతే పూత పని వృథా అనిపిస్తోంది. ఎంత దూరం జరపాలి?