లిమిట్ 20 పెడితే క్వెరీ ఇంకా స్లో అవుతోంది, ఎందుకు?

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పెద్ద ఆర్డర్ల టేబుల్ ఉంది, కోట్లలో రికార్డులు. ఒక కస్టమర్‌వి తాజా 20 ఆర్డర్లు చూపించాలి. కస్టమర్ ఐడీ మీద వేర్ షరతు, తేదీ మీద ఆర్డర్ బై డిసెండింగ్ (కొత్తవి ముందు), చివర్లో లిమిట్ 20. అంతే.

తరచూ కొనేవాళ్లకి చిటికెలో వస్తోంది. ఎప్పుడో ఒకటి రెండు కొన్నవాళ్లకి మాత్రం నిమిషం దాటుతోంది. విచిత్రం ఏంటంటే, వాళ్లకే లిమిట్ తీసేస్తే వెంటనే వచ్చేస్తోంది!

క్వెరీ లోపల ఎలా నడిచిందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ చూశాను. లిమిట్ ఉంటే తేదీ ఇండెక్స్‌ని (త్వరగా వెతకడానికి తేదీ వరసలో పెట్టిన జాబితా) వెనక నుంచి చదువుకుంటూ, వేరే కస్టమర్ల రికార్డులన్నీ ఒక్కొక్కటే పక్కన పడేస్తోంది. 'రోస్ రిమూవ్డ్ బై ఫిల్టర్' దగ్గర అంకె చూస్తే కళ్లు తిరిగాయి. లిమిట్ లేకపోతే కస్టమర్ ఐడీ ఇండెక్స్ వాడుతోంది. రెండూ విడివిడి ఇండెక్సులు.

కస్టమర్ ఐడీ, తేదీ ఈ వరసలో కలిపి ఒకే ఇండెక్స్ వేస్తే సరిపోతుందా? అప్పుడు కస్టమర్ ఐడీ మీదున్న పాత ఇండెక్స్ తీసేయొచ్చా? టేబుల్‌లో రాతలు ఆపకుండా ఇండెక్స్ కట్టే కంకరెంట్లీ ఆప్షన్ పెట్టే క్రియేట్ చేస్తాం కాబట్టి టేబుల్ లాక్ అవుతుందన్న టెన్షన్ లేదు.

ఇంకొకటి. తర్వాతి పేజీలకి ఆఫ్‌సెట్ (ముందున్న ఇన్ని రికార్డులు దాటేయమనడం) వాడుతున్నాం, లోపలికి వెళ్లేకొద్దీ నత్తనడకే. దాని బదులు పేజీలో చివరి ఆర్డర్ తేదీ పట్టుకుని దానికంటే పాతవి అడిగితే మేలనిపిస్తోంది. కానీ ఒకే సమయానికి రెండు ఆర్డర్లు పడితే ఒకటి తప్పిపోదా? ఆర్డర్ ఐడీ కూడా కలపాలా? ఇలా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.