గైడ్స్‌ల చేరిన ఆడపిల్లలు తొమ్మిదో తరగతికొచ్చేసరికి మానేస్తున్నరు, ఏం మారిస్తే ఉంటరు?

దేవరకొండ_టీచర్:

అందరికి నమస్తే. నేను దేవరకొండ దిక్కు ఒక హైస్కూల్ల టీచర్ని, స్కౌట్స్ లెక్కనే ఆడపిల్లలకు ఉండే గైడ్స్ జట్టును నడిపే గైడ్ కెప్టెన్ బాధ్యత కూడ నాదే. ఆరు, ఏడు తరగతుల పిల్లలైతే స్కార్ఫ్, విజిల్ చూసి ఎగబడి పేర్లిస్తరు. గైడ్స్‌ల శిక్షణ మెట్టు మెట్టుగ ఉంటది, ప్రవేశ్ అయిపోతది, ప్రథమ సోపాన్ అయిపోతది, ఎనిమిదిల ద్వితీయ సోపాన్ మొదలుపెట్టేసరికి ఒక్కొక్కరే జారుకుంటరు, తొమ్మిదిలకొస్తే సగం పాట్రోల్ (ఆరుగురో ఎనిమిదిమందో ఉండే చిన్న జట్టు) కూడ నిలబడదు. మగపిల్లల దిక్కు స్కౌట్ ట్రూప్‌ల ఇంత పడిపోవుడు లేదు.

పిల్లల్నే కూసోబెట్టి అడిగిన. ఒక అమ్మాయి అన్న మాట నన్ను చాన రోజులు వదల్లే. "మేడం, మనం ఏం చేస్తున్నం చెప్పుండ్రి, జనవరి 26కి, ఆగస్టు 15కి కవాతు, ఎవరన్న పెద్దోళ్లొస్తే బొకేలు పట్టుకొని రెండు దిక్కుల లైన్ల నిలబడుడు, మిగిలిన రోజులల్ల అవే ముడులు మళ్ల మళ్ల" అన్నది. ఆ పిల్ల చెప్పిన దాంట్ల తప్పేం లేదు. రీఫ్ నాట్, క్లోవ్ హిచ్, షీప్‌షాంక్ అన్నీ వచ్చు వాళ్లకు, ఆ ముడి ఏస్కొని నిజంగ ఒక గుడారం కట్టిందీ లేదు, ఒక వాగు దాటిందీ లేదు. స్కౌట్ పిలగాండ్లను మాత్రం రాత్రి క్యాంపులకు తీస్కపోతరు, మా పిల్లలను సాయంత్రం నాలుగు కొట్టంగనే ఇంటికి తోలుతం.

ఇప్పుడు మా దగ్గర కొందరు ఏమంటున్నరంటే ఆడపిల్లలకు నచ్చేటట్టు చేయాల్నంటే మెహందీ పోటీ, ముగ్గుల పోటీ, డాన్స్ పెట్టుండ్రి అని. నాకు మనసొప్పుతలేదు, అవి బడిల ఎట్లాగు ఉంటయి. 13 నుంచి 16 ఏండ్ల ఆడపిల్లలు నిలబడాల్నంటే ప్రోగ్రాంల ఏం తీసేయాలె, ఏం పెట్టాలె? ఈ పని చేసినోళ్లు, పిల్లల తల్లిదండ్రులు, గైడ్స్‌ల ఉన్న పిల్లలు ఎవరైన సరే చెప్పండి.

పాలమూరు_రేంజర్:

అక్కా, నేను గైడ్‌గ చేసి తర్వాత రేంజర్‌ల (గైడ్స్ దాటిన పెద్ద అమ్మాయిల విభాగం) కూడ ఉన్న, ఇప్పుడు మహబూబ్‌నగర్ల ఉద్యోగం. మీరు మెహందీకి ఒప్పుకోకపోవుడు చాన మంచి పని. అసలు గైడింగ్ ఎట్ల మొదలైందో ఆ సలహా ఇచ్చేటోళ్లకు చెప్పుండ్రి. 1909ల లండన్ల క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర స్కౌట్ల ర్యాలీ పెడితే ఎవ్వరు పిలవకుండనే కొందరు ఆడపిల్లలు వచ్చి మేము కూడ స్కౌట్లమే అని నిలబడ్డరు, వాళ్లను చూసినంకనే 1910ల గర్ల్ గైడ్స్ అని వేరేగ పెట్టిన్రు. ఆ పిల్లలు ముగ్గులేసుకోనీకి రాలే కదా, మగపిల్లలు ఏ అడవి, ఏ కొండ, ఏ క్యాంపు అంటున్నరో అది మాకు కూడ కావాలని వచ్చిన్రు. నూరేండ్లు దాటింది, మీ పిల్ల అడుగుతున్నది కూడ అదే.

ఇగ మనకు దూరం పోవాల్సిన పని కూడ లేదు. భువనగిరి గుట్ట ఉన్నది, మొత్తం ఒక్కటే బండ, దాని మీదనే రాక్ క్లైంబింగ్ స్కూల్ ఉన్నది. మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, గురుకులంల చదువుకుంటున్నప్పుడు ఆ గుట్ట మీదనే బండ ఎక్కుడు నేర్సుకున్నది, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి ఆమెకు 14 ఏండ్లు కూడ నిండలేదు. మీ తొమ్మిదో తరగతి పిల్లల వయసే. ఏడాదికొక్కసారి మీ పిల్లల్ని ఆడికి తీస్కపోండి, నడుముకు తాడు కట్టుకొని బండ మీద కాలు పెట్టినంక ఆ బోలైన్ ముడి ఎందుకు నేర్సుకోవాల్నో వాళ్లకు ఎవ్వరు చెప్పాల్సిన పని ఉండదు. సిలబస్‌ల ముడి ముందు, పని తర్వాత అన్నట్టున్నది, నా లెక్కల పని ముందు చూపియ్యాలె, ముడి దానంతట అదే వస్తది.

ఒక్క మాట, బొకేలు పట్టుకొని నిలబడే పని మాత్రం మీ హెడ్‌మాస్టర్‌తోని మాట్లాడి బంద్ చేపియ్యండి. అది గైడ్ ట్రైనింగ్‌ల ఏడ లేదు. ఆడపిల్లలే ఎందుకు నిలబడాల్నో నాకు ఇప్పటికి అర్థంకాదు.

మిర్యాలగూడ_నాన్న:

మేడం, నాకు ఇద్దరాడపిల్లలు, పెద్దది ఎనిమిది చదువుతది, గైడ్స్‌ల ఉన్నది. తల్లిదండ్రుల దిక్కు నుంచి చెప్తున్న, ఏమనుకోవద్దు. క్యాంప్ అంటే మాకు మొదట వచ్చే ఆలోచన బండ ఎక్కుతదా లేదా అని కాదు, రాత్రి ఏడ పండుతది, బాత్రూంకు తలుపు గడియ ఉంటదా, పక్కన ఆడ టీచర్లు ఎంతమంది, పీరియడ్స్ వస్తే ఎవరికి చెప్పుకుంటది, ఆటోల తీస్కపోతరా బస్సులనా, ఏదన్న అయితే మాకు ఎంతసేపట్ల తెలుస్తది. ఇవి అడిగితే చానమంది టీచర్లు "ఏం కాదు సార్, మేమున్నంగదా" అంటరు, దాంతోని మాకు ధైర్యం రాదు మేడం, పంపకుండ ఉండనీకి అదే కారణమైతది.

మా దగ్గర ఒక టీచరమ్మ ఏం చేసిందంటే క్యాంప్ ముందు తల్లులందర్ని బడికి పిలిచింది, తండ్రులను కాదు, తల్లులను. ఉండే జాగ ఫోటోలు చూపిచ్చింది, ఇద్దరు ఆడ టీచర్లు రాత్రంత ఆడనే ఉంటరని చెప్పింది, ఏ పెద్దమనిషి కూడ ఒక్క పిల్లతోని ఒంటరిగ ఒక రూంల ఉండొద్దని రూల్ పెట్టి అది కాయితం మీద రాసిచ్చింది, రాత్రి ఎనిమిదికి ఫోన్ చేపిస్త అన్నది, చేపిచ్చింది. ఇద్దరు తల్లులు కావాల్నంటే వంటకు రావచ్చు అన్నది, ఇద్దరొచ్చిన్రు కూడ. మా ఆమె వద్దు వద్దన్న మనిషి, మీటింగ్ నుంచి ఇంటికొచ్చి పిల్ల బ్యాగ్ తనే సర్దింది. ప్రోగ్రాం ఎంత మంచిగ మార్చినా ఇంటి గడప దాటకపోతే లాభం లేదు కాబట్టి ముందు ఈ పని చేయండి అని నా విన్నపం.

అచ్చంపేట_పదో_తరగతి:

టీచర్ గారు నేను పదో తరగతి, నాగర్‌కర్నూల్ జిల్లా. గైడ్స్‌ల ఆరు నుంచి ఉన్న, నాతోటి చేరినోళ్లల్ల చానమంది లేరు. ఎందుకు పోయిన్రో నాకు తెల్సు చెప్త.

ఒకటి ఏందంటే పాట్రోల్ లీడర్‌ని మేడమే పెడ్తది, ఎవరికి మార్కులెక్కువొస్తే వాళ్లను. మాకు ఎవరు కావాల్నో అడగరు. కోర్ట్ ఆఫ్ ఆనర్ అని పుస్తకంల ఉంటది, లీడర్లందరు కూసొని ఏం చేయాల్నో నిర్ణయించాల్నట, మా దగ్గర అది ఒక్కసారి కూడ కాలే. అన్ని ముందే నిర్ణయమై వస్తయి మేము చేసుడే.

ఇంకోటి పత్తి ఏరే టైంల ఆదివారం మీటింగ్ పెడితే ఎట్లొస్తరు. మా ఊర్ల అక్టోబర్ నుంచి మొదలైతది, ఆడపిల్లలు చేన్లకు పోతరు, పోకపోతే ఇంట్ల చిన్నోళ్లను చూస్కోవాలె. మా క్లాస్‌ల ఒక అమ్మాయి వాళ్ల అమ్మానాన్న పనికి హైదరాబాద్ పోయిన్రు, ఇంట్ల నాయినమ్మ, తను, తమ్ముడు. ఆమెకు ఇష్టం లేక మానలే. బడి టైంల ఒక పీరియడ్ ఇస్తే ఆమె కూడ వస్తది.

ఏం పెట్టాలె అంటే, మాకు సైకిల్ పంచర్ ఏసుకోవడం రావాలె, బడికి వచ్చే దార్ల పంచర్ అయితే నూకుకుంట రావాలె ఇప్పుడు. మోటర్ దగ్గర స్టార్టర్ షాక్ కొడితే ఏం చేయాలె, పాము కరిస్తే ఏం చేయాలె అది నేర్పియ్యాలె, ఫస్ట్ ఎయిడ్‌ల మాకు కట్టు కట్టుడే ఎక్కువ నేర్పిస్తరు. ఫోన్ల ఎవరన్న ఫోటో పెట్టి బెదిరిస్తే ఎవరికి చెప్పాలె అని ఒకసారి అడిగితే క్లాస్‌ల అందరు నవ్విన్రు, మేడం టాపిక్ మార్చింది. అది చాన మందికి అవసరం ఉన్న విషయం టీచర్ గారు.

ఇంక మా పాట్రోల్‌కి పువ్వు పేరు పెట్టిన్రు. మా పక్కనే అమ్రాబాద్ పులుల అడవి ఉంది, మా పాట్రోల్ పేరు చిరుత అని పెట్టుకుంటం అంటే వద్దన్నరు. మా పేరు మేము పెట్టుకునే అవకాశం కావాలె.

సూర్యాపేట_వలస:

నాది సూర్యాపేట, పని కోసం హైదరాబాద్ల ఉంటున్న, ఊర్లెకు పోయినప్పుడు ఒక ట్రూప్‌కు సాయం చేస్త. ఒక ప్రశ్న ఉంది, స్కౌట్లు గైడ్లు కలిపి ఒకటే ట్రూప్ చేస్తే ఈ తేడా పోదా? బ్రిటన్ల స్కౌట్స్ 1991 నుంచి అన్ని వయసుల విభాగాలల్ల ఆడపిల్లల్ని తీసుకునుడు మొదలుపెట్టి 2007కల్లా అన్ని గ్రూపులల్ల తప్పనిసరి చేసింది. అమెరికాల బాయ్ స్కౌట్స్ 2018ల చిన్నపిల్లల విభాగంల, 2019 ఫిబ్రవరిల పెద్దపిల్లల విభాగంల ఆడపిల్లల్ని తీసుకున్నది, 2025 ఫిబ్రవరిల సంస్థ పేరే స్కౌటింగ్ అమెరికా అని మార్చుకున్నది. మన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950ల వచ్చింది, మరుసటి ఏడాది గైడ్స్ కూడ కలిసిన్రు, అంటే మనది దాదాపు మొదటినుంచి ఒకే సంస్థ, ట్రూప్‌లు మాత్రం వేరే.

దేవరకొండ_టీచర్:

సూర్యాపేట తమ్మీ, నేను దీని మీద చాన ఆలోచించిన, మా దగ్గర ఇప్పుడే కలపొద్దనే అనిపిస్తది. అమెరికాల కూడ 2019ల పెద్దపిల్లలకు ఆడపిల్లల ట్రూప్ వేరేగనే పెట్టిన్రు, సిలబస్, అవార్డులు ఒకటే. నాకు కావాల్సింది అదే, పని ఒకటే ఉండాలె, జాగ వేరే ఉండాలె. కలిపి కూసోబెడితే మా పిల్లలు నోరు తెరవరు, టెంట్ కొట్టే పని మగపిల్లలకు పోతది, అన్నం వండే పని వీళ్లకొస్తది, నేను జిల్లా క్యాంపులల్ల కండ్లారా చూసిన్న. ఆడపిల్లలే ఉన్నకాడ అయితే గుంజ పాతేది, తాడు గుంజేది, లెక్క రాసేది, గొడవైతే తీర్పు చెప్పేది అన్నీ వాళ్లే చేయాలె కదా.

అచ్చంపేట బిడ్డా, నువ్వు రాసింది నేను పదిసార్లు చదివిన. పాట్రోల్ లీడర్ ఎన్నిక ఈ వారమే పెడ్త. పేరు కూడ వాళ్లే పెట్టుకుంటరు.

వనపర్తి_పాత_కమిషనర్:

నేను ఈ ఉద్యమంల చాన ఏండ్లు పనిచేసి రిటైరైన మనిషిని. కొత్త ప్రోగ్రాం అంటూ ఏం రాయాల్సిన పనిలేదమ్మా, పాట్రోల్ పద్ధతి అంటే అర్థమే ఆరుగురో ఎనిమిదిమందో పిల్లలు తమ పని తాము నడుపుకునుడు, కెప్టెన్ పక్కన ఉండి చూసుడు. అది చేయనిస్తే సగం మారినట్టే.

పాము కాటు గురించి పాప అడిగింది గనుక చెప్తున్న, ఇది పిల్లలకు ఖచ్చితంగ నేర్పుండ్రి. కోయొద్దు, నోటితోని పీల్చొద్దు, తాడుతోని బిగించి కట్టొద్దు, కరిసిన కాలో చెయ్యో కదలకుండ ఉంచి, మనిషిని నడిపియ్యకుండ, విషానికి ఇంజెక్షన్ ఉన్న దవాఖానకు తొందరగ తీస్కపోవాలె. మంత్రగాని దగ్గర టైం పోతే పానం పోతది. కరెంటు షాక్ అయితే ముందు మెయిన్ బంద్ చేయాలె, మనిషిని చేత్తోని ముట్టొద్దు, ఎండిన కట్టెతోనే దూరం చేయాలె. ఒక్కో పిల్లతోని చేసి చూపియ్యమనాలె, పరీక్ష రాపిచ్చి వదిలేయొద్దు. ఫోన్ల బెదిరింపులకు 1930 సైబర్ హెల్ప్‌లైన్, పిల్లల ఆపదకు 1098, ఏ ఆపదకైనా 112. షీ టీమ్స్ వాళ్లను బడికి పిలిస్తే వస్తరు, కాని ఉపన్యాసం చెప్పిపోవుడు కాదు, పిల్లలతోని కంప్లయింట్ ఎట్ల రాయాల్నో అక్కడనే రాపియ్యాలె.

ఇంకొకటి, మీది దేవరకొండ దిక్కు కదా. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు అంటే ఫ్లోరైడ్ ఎంత బాధ పెట్టిందో నేను చెప్పాల్సిన పని లేదు. మీ పిల్లలకు ఊరి బోర్లల్ల, బావులల్ల నీళ్లు టెస్ట్ చేసే పని ఇయ్యండి. తాగే నీళ్లల్ల లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల కంటె ఎక్కువ ఫ్లోరైడ్ ఉండొద్దు. సున్నం, పటిక ఏసి కలిపి తేరబెట్టి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంత నల్లగొండ టెక్నిక్ అనే అంటరు, మన జిల్లా పేరు అది. పాట్రోల్‌కు నాలుగు బోర్లు ఇచ్చి, కొలిచింది చార్ట్ గీసి గ్రామసభల వాళ్లతోనే చదివిపియ్యండి. సర్పంచ్ ముందు నిలబడి లెక్కలు చెప్పిన పిల్ల మళ్ల గైడ్స్ మానేయదు. ఇదే పని పై మెట్లైన తృతీయ సోపాన్‌ల, రాజ్య పురస్కార్‌ల సేవ కింద కూడ చూపించుకోవచ్చు. రైల్వే ఉద్యోగాలల్ల స్కౌట్స్ గైడ్స్ కోటా ఉన్నది, ఆ మాట తల్లిదండ్రులకు మొదటి మీటింగ్‌లనే చెప్పుండ్రి, పదో తరగతి దాక పంపనీకి మనసొస్తది.

దేవరకొండ_టీచర్:

సార్, నీళ్ల టెస్ట్ మాట బాగ నచ్చింది, జూన్ల బడి తెరవంగనే అది మొదలుపెడ్త. మీటింగ్ ఆదివారం తీసేసి శనివారం చివరి పీరియడ్‌కు మార్చమని హెడ్‌మాస్టర్ను అడుగుత, పత్తి టైంల క్యాంపులు పెట్టను. మిర్యాలగూడ అన్నా, ఆ టీచరమ్మ రాసిచ్చిన రూల్స్ కాయితం మీ దగ్గర ఉంటే ఇక్కడ పెట్టగలరా, పేర్లు తీసేసి? పాలమూరు చెల్లె, భువనగిరి బండ ఎక్కనీకి స్కూల్ పిల్లలకు ఏ నెలల మంచిగుంటది, ఎండ చూస్కొని చెప్పు. యూనిఫాం ఏస్కొని రానోళ్లను కూడ తీస్కపోవాల్నని ఉన్నది, యూనిఫాం కొనలేని పిల్లలు మా దగ్గర చానమంది ఉన్నరు, దానికి ఎవరన్న సాయం చేసేటోళ్లు ఉంటే కూడ చెప్పండి.