మెయిల్లో తెలుగు సంచిక: పీడీఎఫ్ మేలా, హెచ్‌టీఎంఎల్ మేలా, ఉత్త టెక్స్టా?

సీతమ్మధార:
విశాఖలో నెలనెలా సాహిత్య సభలు జరిపే ఒక బృందం కోసం అడుగుతున్నాను. సభ్యులు 800 మంది. ఎక్కువమంది రిటైరైనవాళ్లు, చదివేది ఫోన్లో. నెలకో సంచిక మెయిల్లో వెళ్తుంది: రాబోయే సభ వివరం, ఒక పెద్ద వ్యాసం, పద్యాలు, నాలుగు ఫొటోలు. ఇన్నాళ్లూ డీటీపీలో పేజీలు కట్టించి పీడీఎఫ్ అటాచ్ చేస్తున్నారు. మార్చాలా వద్దా? మారిస్తే దేనికి: మెయిల్లోనే వెబ్ పేజీలా కనబడే హెచ్‌టీఎంఎల్‌కా, ఉత్త టెక్స్ట్‌కా?

గాజువాక:
మార్చాల్సిందే. ఏ4 పేజీలో రెండు కాలమ్‌లు కడితే ఫోన్లో వేళ్లతో పెద్దది చేసుకుని, కాలమ్ అడుగుదాకా దిగి, మళ్లీ పైకి ఎక్కాలి. సభ తేదీ తెలియడానికి కూడా ఫైలు తెరవాలి. అంతకంటే పెద్ద అన్యాయం ఇంకోటుంది. 'అను' అనే, యూనికోడ్ కాని పాత రకం తెలుగు ఫాంట్లలో కంపోజ్ చేసిన పీడీఎఫ్ కంటికి తెలుగే, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు. వెతికితే మాట దొరకదు, కాపీ చేస్తే చెత్త వస్తుంది, చూపు లేనివారికి ఫోన్ తెరను చదివిపెట్టే టాక్‌బ్యాక్ దాన్ని వినిపించలేదు. బరువు సంగతి సరేసరి. అటాచ్‌మెంట్ మెయిల్లోకి ఎక్కేటప్పుడు మూడో వంతు ఉబ్బుతుంది. 8 ఎంబీ ఫైలు దాదాపు 11 అవుతుంది, 10 దగ్గర గీత గీసిన ఆఫీసు సర్వర్లు వెనక్కి కొట్టేస్తాయి.

భీమిలి:
ఉత్త టెక్స్ట్ పంపండి. రంగులు, బొమ్మలు లేకపోతే ఏ ఫోన్లోనైనా తెరుచుకుంటుంది, అక్షరం సైజు చదివేవారి ఇష్టం. గోటితో పోయేదానికి గొడ్డలి దేనికండీ?

మద్దిలపాలెం:
భీమిలి గారూ, తెలుగు టెక్స్ట్ మీరనుకున్నంత నిక్షేపంగా చేరదు. మెయిల్ నియమాల ప్రకారం ఒక వరుస 998 బైట్లు దాటకూడదు. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు, గుణింతం గుర్తు కూడా విడిగా లెక్కే. 'విశాఖ' అంటే 5 సంకేతాలు, 15 బైట్లు. అంటే వరుసకు 332 సంకేతాలే. ఎంటర్ నొక్కకుండా పేరా కొడితే నాలుగైదు వాక్యాలకే నిండిపోతుంది. మెయిల్ ఎన్‌కోడింగ్‌ను 8 బిట్‌లో, అంటే బైట్లను ఉన్నవున్నట్టే, వదిలేస్తే దారిలో ఏదో సర్వర్ వరుసను అక్షరం నడుమ తెంపుతుంది, అక్కడ ప్రశ్నార్థకం గుర్తు పడుతుంది. బైట్లను ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలుగా మార్చి పొట్టి వరుసల్లో పంపే బేస్64 గానీ కోటెడ్-ప్రింటబుల్ గానీ పెట్టాలి, మెయిల్ తలభాగంలోని హెడర్లో యూటీఎఫ్-8 అని ఉండి తీరాలి.

నా ఓటు సాదా హెచ్‌టీఎంఎల్‌కు, దాంతోపాటే టెక్స్ట్ రూపం కూడా. ఒకే మెయిల్లో రెండూ పెట్టొచ్చు, దాన్నే మల్టీపార్ట్ ఆల్టర్నేటివ్ అంటారు. ముందు టెక్స్ట్, తర్వాత హెచ్‌టీఎంఎల్. యాప్ తనకు చేతనైనవాటిలో చివరిది చూపిస్తుంది. వరస తిరగబడితే చాలా యాప్‌లలో ఉత్త టెక్స్టే కనబడుతుంది.

ఉక్కునగరం:
పీడీఎఫ్‌ను అంత తేలిగ్గా తీసెయ్యకండి. పెద్దవాళ్లు ప్రింటు తీయించుకుని దాచుకుంటారు. పద్యం పాదం చెదరనిది అందులోనే. హెచ్‌టీఎంఎల్ ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తుంది, అవుట్‌లుక్‌లో అయితే మరీను.

మద్దిలపాలెం:
అవుట్‌లుక్ మాట నిజమే. విండోస్‌లోని పాత అవుట్‌లుక్ 2007 నుంచీ పేజీని వర్డ్ ఇంజిన్‌తో గీస్తుంది. అందుకే 600 పిక్సెళ్లకు మించని ఒక్క కాలమ్ టేబుల్ చాలు, పక్కపక్క పెట్టెలు వద్దు. నెట్ నుంచి దించుకునే వెబ్ ఫాంట్లు జీమెయిల్లో పనిచెయ్యవు, ఫోన్లో ఉన్న ఫాంటునే నమ్ముకోండి. అక్షరం 17 పిక్సెళ్లు, లైన్-హైట్ (వరుసల ఎడం) 1.6కు తగ్గితే ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

అసలు ప్రమాదం జీమెయిల్ కత్తెర. హెచ్‌టీఎంఎల్ 102 కేబీ దాటితే మిగతాది దాచేసి, పూర్తిగా చూడాలంటే లింకు నొక్కమంటుంది. 1,500 మాటల వ్యాసంలో మాటకు 8 సంకేతాలనుకుంటే 36 కేబీ, ఫరవాలేదు. కానీ కొన్ని ఎడిటర్లు 'వ' బదులు దాని అంకెల సంకేతం, 3125తో ఉండేది, రాసేస్తాయి. 3 బైట్లది 7 అవుతుంది, 36 కాస్తా 84. టెంప్లేట్ మరో 30 ఉంటే గీత దాటినట్టే. తెగేది అడుగుభాగం, చందా ఆపుకునే లింకు ఉండేది అక్కడే. కనబడకపోతే పాఠకుడు స్పామ్ అని నొక్కుతాడు. మెయిల్ సోర్సు (లోపలి కోడ్) తెరిచి చూసుకోండి. సభ తేదీ, చోటు మొదటి మూడు వరుసల్లోనే, ఫొటోలో కాకుండా అక్షరాల్లో రాయండి. ఫొటోలకు ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మ కనబడకపోతే దాని బదులు వచ్చే మాటలు) పెట్టండి.

గాజువాక:
ఇంకోటి. ఉచిత జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మందికే వెళ్తుంది, మీకు 800. గుంపుగా మెయిళ్లు పంపే సర్వీసు తీసుకోండి. కానీ 'ఫ్రమ్'లో జీమెయిల్ చిరునామానే ఉంచితే డీమార్క్ (ఫ్రమ్‌లోని డొమైన్ పేరుతో పంపేది నిజంగా వాళ్లేనా అని చూసే తనిఖీ) పొసగదు, స్పామ్‌లో పడుతుంది. సొంత డొమైన్, ఆ పేరుతో పంపే హక్కు ఉందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు తప్పవు. రోజుకు 5,000 దాటి పంపేవారికి డీమార్క్, ఒక్క నొక్కుతో చందా ఆపుకునే వీలు ఉండాలని జీమెయిల్ 2024 నుంచి పట్టుబడుతోంది. మీది అంత లేకపోయినా పెట్టడమే మర్యాద.

ఉక్కునగరం:
ఇవన్నీ ఒప్పుకుంటాను. పద్యం మాటేమిటి? ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. 360 పిక్సెళ్ల ఫోన్లో మీరు చెప్పిన సైజుకు ఒక్క వరుసలో పట్టదు. ఎక్కడ తెగుతుందో ఫోన్ ఇష్టం.

మద్దిలపాలెం:
ఫోన్‌కు వదలకండి. యతి 10వ అక్షరం కదా, 9 అక్షరాల దగ్గర బీఆర్ ట్యాగ్‌తో (హెచ్‌టీఎంఎల్‌లో వరుస విరిచే గుర్తు) మీరే విరిచి, రెండో ముక్కను కొంచెం లోపలికి జరపండి.

ఉక్కునగరం:
సమాసం నడుమ యతి పడితే మాటను చీల్చమంటారా? నాకు సమ్మతం కాదు. వ్యాసం, వార్తలు మెయిల్లో ఉండనీండి. పద్యాలకు మాత్రం పీడీఎఫ్ లింకు ఉండాలి. అటాచ్‌మెంట్ వద్దు, లింకు చాలు. యూనికోడ్ ఫాంటు, ఒకే కాలమ్, ఏ5 పేజీ, ఫాంటు ఫైల్లోనే పొదిగి ఉండాలి. లింకు పక్కన ఎన్ని ఎంబీయో రాయండి. తగరపువలస షాపులోనైనా డాబాగార్డెన్స్‌లోనైనా ప్రింటు తీస్తే పాదం పాదంలాగే రావాలి.