సోమశిల ట్రిప్పులో మనిషికి ఐదు వందల పోకర్: తప్పేముంది?

సాగర్‌కట్ట:
దసరా సెలవుల్లో నల్లగొండ డిగ్రీ దోస్తులం సోమశిల పోతున్నాం. పగలు లాంచీ, మధ్యాహ్నం కృష్ణ చేపల పులుసు. రాత్రి రూములో పోకర్ పెడదామని నేనన్నాను. మనిషికి 500. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పక పెట్టే పందేలు, 5, 10 రూపాయలు. ఉన్నది అయిపోతే ఇంకో 500 పెట్టి మళ్లీ కూర్చోవచ్చు, ఎవరిష్టం వాళ్లది. అంతే, గ్రూపులో ఒకరిద్దరు "జూదం ఎందుకు" అని మొదలుపెట్టారు.

సినిమాకు పోతే టికెట్టు, పాప్‌కార్న్, పార్కింగ్ కలిపి ఎంతవుతుంది? అది మూడు గంటల్లో అయిపోతుంది, ఇది రాత్రంతా నడుస్తుంది. ఫోన్లు పక్కన పడేసి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చునే ఆట మాకు ఇదొక్కటే మిగిలింది. పోయినసారి చిప్స్ లేక చింతగింజలతో ఆడాం, గింజకు 10 రూపాయలు లెక్క. నవ్వీ నవ్వీ పొట్టలు నొప్పి పుట్టినయ్. దీన్ని క్లబ్బు పేకాటతో కలిపి మాట్లాడేవాళ్లు కారణం చెప్పండి.

కొల్లాపూర్ ఆడబిడ్డ:
కారణం నేను చెప్తా తమ్ముడూ. మా ఆయన నేర్చుకున్నది టూర్లలోనే. మొదట దోస్తులతో శ్రీశైలం పోయినప్పుడు ఆడాడు. తర్వాత "తోటకు కాపలా పోతున్నా" అని చెప్పి మామిడి చెట్ల కింద ఆడాడు. ఆ తర్వాత ఫోన్లో. తెలంగాణలో 2017 నుంచే డబ్బు పెట్టే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ బంద్ చేశారు కదా, లొకేషన్ మార్చే యాప్ ఒకటి వేసుకుని అర్ధరాత్రి దాకా ఆడేవాడు. తోట కౌలుకిచ్చినప్పుడు వచ్చిన అడ్వాన్సు అట్లనే పోయింది. పిల్ల హాస్టల్ ఫీజుకు నా పుస్తెలతాడు బ్యాంకులో పెట్టాను. 2025 ఆగస్టులో కేంద్రమే డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధిస్తూ చట్టం తెచ్చాక మా ఇంట్లో రాత్రిపూట లైటు ఆరుతోంది. ఇదంతా "ఎవరిష్టం వాళ్లది" అనే మాటతోనే మొదలైంది.

గద్వాల కోట:
దీపావళికి ఇళ్లల్లో పత్తాలు ఆడని ఊరేదో చూపించండి.

మిర్యాలగూడ లెక్కల సారు:
అమ్మా, మీ బాధ నిజం. కానీ పోకర్‌ను మూడుముక్కలాటతో ఒకే గాట కట్టకండి. 1968లో సుప్రీంకోర్టు సత్యనారాయణ కేసులో ఈ తేడానే చెప్పింది. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతుంటే పోలీసులు నిజాం కాలం నాటి 1305 ఫసలీ (ఫసలీ అంటే అప్పటి సంవత్సరాల లెక్క) జూద చట్టం కింద పట్టుకున్నారు. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యమే అని కోర్టు అంది. మూడుముక్కల ఫ్లష్ మాత్రం వట్టి అదృష్టమే అంది.

పోకర్‌లో చేతికి రెండు ముక్కలు, నడిమధ్య ఐదు. మొదటి మూడు తెరిచాక మీకు నాలుగు ఆఠీన్లు కుదిరాయనుకోండి. ఇంకా కనపడని 47 ముక్కల్లో 9 ఆఠీన్లున్నాయి. చివరి ముక్క దాకా కూర్చుంటే ఐదో ఆఠీను వచ్చే అవకాశం సుమారు 35 శాతం. పాట్‌లో, అంటే అందరూ కట్టిన పందెం కుప్పలో, 300 ఉండి, ఇంకో 100 కడితే చివరిదాకా చూడొచ్చంటే నాలుగింట ఒకసారి గెలిచినా నష్టం లేదు, కాబట్టి కట్టాలి. 300 కట్టమంటే ముక్కలు పడేయాలి. ఇది తెలిసినవాడు, తెలియనివాడు రాత్రంతా ఆడితే ఎవరి దగ్గర గింజలు మిగులుతాయో మీరే చెప్పండి.

పాలమూరు వకీలు:
సార్, ఆ తీర్పు రమ్మీ గురించి, పోకర్ గురించి కాదు. 2017లో గుజరాత్ హైకోర్టు పోకర్‌ను జూదమే అంది. కర్ణాటకలో వేరేగా అన్నారు. మన దగ్గర 1974 గేమింగ్ చట్టానికి 2017లో చేసిన సవరణ ఏమంటుందో చూడండి. నైపుణ్యమున్న ఆటైనా ఫలితం తెలియని దానిమీద పైసలు పెడితే అది పందెమే. సోమశిల నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది, గోవాలో లేదు.

మిర్యాలగూడ లెక్కల సారు:
చట్టం ఏమందని కాదు నేను చెప్పేది, ఆటలో ఏముందని. ఆ రెండూ వేరు.

పాలమూరు వకీలు:
రూము తలుపు కొట్టిన ఎస్సైకి 35 శాతం లెక్క చెప్పండి సార్, వింటాడేమో.

జడ్చర్ల జంక్షన్:
గోవాకే పోండన్నా, గొడవుండదు. పాలమూరు మీదుగా వాస్కో రైలుంది.

సాగర్‌కట్ట:
గోవాలో మాండవి నది మీద క్యాసినో పడవల్లో ఆడించేది మా ఆట కాదు తమ్మీ. అక్కడ పాట్‌లోంచి ఆడించే క్యాసినో తన కోత తీసుకుంటుంది. ఆటగాళ్లు మారుతుంటారు, కోత మారదు. గెలిచినదాని మీద 30 శాతం ఆదాయపు పన్ను వేరే. గోవా స్థానికులను ఆడటానికి లోపలికి రానివ్వద్దని 2020లో వాళ్ల ప్రభుత్వమే ఆపింది. మా రూములో కోత లేదు. ఒకడి గింజలు ఇంకొకడి ముందుకు పోతాయి, అంతే.

కొల్లాపూర్ ఆడబిడ్డ:
వాళ్ల మనుషులనే వాళ్లు రానివ్వడం లేదని నువ్వే చెప్తున్నావు. మళ్లీ తప్పేముందని నువ్వే అడుగుతున్నావు.

సాగర్‌కట్ట:
అక్కా, ఇంక ఊరుకోలేను. మీ ఇంటాయన చేసిన పనికి నా దోస్తులను బోనులో నిలబెడుతున్నారు. తాగుబోతు ఉన్నాడని కల్లు సీసా కనపడ్డ ప్రతివాణ్నీ తిడతామా? నేను నెల జీతంలో ఇంటికి ఇచ్చేది ఇచ్చి, మిగిలినదాంట్లో ఐదు వందలు పెడతా. నా పైసలు, నా సెలవులు.

కొల్లాపూర్ ఆడబిడ్డ:
మా ఆయన కూడా "నా పైసలు" అనే అన్నాడు. ఆ తోటలో గడ్డి పీకింది నేను. మందు కొట్టింది నేను. నీ జీతం గురించి నీ ఇంట్లో ఎవరినైనా అడిగినవా?

గద్వాల కోట:
వ్యక్తిగతంగా పోవద్దు, ఇద్దరూ జర ఆగండి.

డీసీఎం డ్రైవర్:
ఇన్ని రోజులు చదువుతూ ఊరుకున్నా. ఇప్పుడు రాస్తా. సాగరన్నా, నీ దోస్తుల్లో అందరికీ జీతాలున్నాయా?

నేనూ డిగ్రీ చదివినవాణ్నే, దేవరకొండ దగ్గర మా ఊరు. బండి కిరాయిలు తిప్పుతా. మా బ్యాచ్ టూరుకు పోతే రూము కిరాయి, తిండి అన్నీ వాళ్లే పెట్టుకున్నారు, నన్ను ప్రేమతోనే పిలిచారు. రాత్రి చాప పరిచి పత్తాలు తీశారు. "500 ఏముందిరా, కూసో" అన్నారు. నా ప్యాంటు జేబులో డీజిల్ పైసలున్నాయి. పొద్దున దిగినప్పటి నుంచి వాళ్ల తిండి తిన్నా. ఇప్పుడు నేను రానంటే ఎట్లుంటది? కూసున్నా. మొదటి ఐదు వందలు ఒక్క ఆటలో పోయినయ్, ఎదుటివాడు ఉన్నదంతా ముందుకు తోస్తే నేనూ తోశా. "ఇంకో ఐదు వందలు పెట్టు, తిరిగొస్తయ్" అన్నారు. పెట్టినా. అట్ల ఇంకోసారి.

తెల్లారి వాళ్లు ఇడ్లీ తింటూ ఆ ఆట గురించే నవ్వుకుంటున్నారు. నేను బంకులో అప్పు చెప్పి ఇంటికొచ్చినా. ఎవడూ మోసం చేయలేదు. ఎవడూ బలవంతం చేయలేదు. సారు చెప్పిన లెక్క కూడా నాకు వచ్చు. ఆఠీను రాలేదు.

సాగర్‌కట్ట:
అన్నా, బాధగానే ఉంది. కానీ ఒక్క మాట చెప్పుంటే ఎవరైనా ఆగేవాళ్లు కదా. నోరు తెరవకపోతే పక్కవాడికి ఎట్ల తెలుస్తది? దోస్తుల దగ్గర కూడా లెక్కలేసుకుంటే దోస్తానా ఎందుకు?

డీసీఎం డ్రైవర్:
లెక్కలేయనిది నువ్వు. నేను పొద్దున లేచినప్పటి నుంచి వేస్తూనే ఉంటా. "నా దగ్గర లేవు" అని అందరి ముందు చెప్పడం నీకు ఒక్క మాట. మళ్లీ టూరుకు పిలుస్తారా, జాలిపడి పిలుస్తారా అనేది నాకు. ఐదు వందలు చిన్నదని రేటు కట్టింది నువ్వు. చాప మీద కూర్చున్న వాళ్లల్లో ఎవరికి చిన్నదో అడిగినవా? మీ గ్రూపులో "ఎందుకు" అన్న ఒకరిద్దరు ఎవరో, ఏం పని చేస్తారో ఒకసారి చూడు.

కొల్లాపూర్ ఆడబిడ్డ:
నేను మొదటినుంచీ చెప్పేది ఇదే.

పాలమూరు వకీలు:
పోకర్‌లో ఇంకో సంగతి కూడా ఉంది. లిమిట్ పెట్టకుండా ఆడితే ముందున్నదంతా ఒక్క ఆటలో తోసేయొచ్చు. "మళ్లీ కూర్చోవచ్చు" అని పెట్టాక 500 అనేది అసలు హద్దే కాదు. అది ప్రవేశ రుసుము. సాగర్‌కట్ట గారు మొదటి పోస్టులో చిన్న ఆట అని చెప్పింది ఆ అంకె చూపించే.

మిర్యాలగూడ లెక్కల సారు:
దీనికి ఒప్పుకుంటాను. మళ్లీ కొనడం తీసేయండి. కానీ పైసలే లేకుండా వట్టి గింజలతో ఆడండి అంటే మాత్రం కుదరదు. పోయేదేం లేనప్పుడు ప్రతివాడూ చివరి ముక్క దాకా కూర్చుంటాడు. బ్లఫ్ చేస్తే, అంటే మంచి ముక్కలు లేకున్నా ఉన్నట్టు పందెం పెంచితే, భయపడేవాడుండడు. అది పోకర్ కాదు, చిట్టీలు తీయడం.

సాగర్‌కట్ట:
సరే, వినండి. ట్రిప్పుకు అందరం వేసే డబ్బుల్లోంచి రెండు వేలు పక్కన పెడతా. అందరికీ సమానంగా గింజలు. అయిపోయినవాడు లేచి చాయ్ పెట్టాలి, మళ్లీ కొనడం లేదు. చివరికి మిగిలినవాడికి ఆ రెండు వేలు. ఎవడి జేబులోంచీ విడిగా తీయక్కర్లేదు. ఆట మాత్రం ఆపను, అది నా మాట.

పాలమూరు వకీలు:
అదీ పందెమే.

డీసీఎం డ్రైవర్:
ట్రిప్పుకు వేసే డబ్బులంటే తలా ఎంత? అందరూ ఒకటే వేస్తున్నారా? అది చెప్పు ముందు. గెలిచినోడు ఆ రెండు వేలు ఇంటికి తీసుకపోతడా, తెల్లారి చేపల పులుసుకు అక్కడే ఖర్చు పెడతడా? అక్కడే పెడతడంటే నేనైతే కూసుంటా.

సాగర్‌కట్ట:
తలా ఎంతో ఇంకా అనుకోలేదన్నా. రాత్రికి గ్రూపులో అడుగుతా. అందరి ముందు కాదు, ఒక్కొక్కరికి ఫోన్ చేసి.